3,229 మీటర్లు: బెలుం గుహను చదవడం

బెలుం గుహల్లో గైడు టార్చి వేసిన చోటల్లా మనకు ఏదో ఒకటి కనిపించి తీరాలి. ఇది సింహద్వారం, ఇవి కోటిలింగాలు, ఇది వెయ్యి పడగలు, అది ఊడల మర్రి. కనిపించింది అనేదాకా టార్చి కదలదు. పోయిన వేసవిలో నాతో వచ్చిన బెంగుళూరు మిత్రుడికి పడగల దగ్గర ఎంత కళ్లు చికిలించినా పాము కనపడలేదు. చివరికి మొహమాటానికి "ఆఁ, కనపడింది" అన్నాడు. గైడు సంతోషించి ముందుకు నడిచాడు. నేను మాత్రం విశ్వనాథ వారి నవల పేరు గుర్తొచ్చి నవ్వుకుంటూ అక్కడే కాసేపు నిలబడ్డాను. ఆ రాయి పామెందుకు కావాలి? రాయి అయితే చాలదా?

ఇది ఆ గైడు మీద ఫిర్యాదు కాదు. ఊపిరి సలపని ఉక్కలో గుంపు తర్వాత గుంపును తిప్పే మనిషి, జనానికి విసుగు రాకుండా చూసుకోవాలి కదా. నా పేచీ ఆ పోలికలతో. ఒక కవిత మీదో కథ మీదో రాసేటప్పుడు, ఇందులోని ఉపమానం వస్తువును చూపిస్తోందా, కప్పేస్తోందా అని అడుగుతాం. గుహ దగ్గర ఆ ప్రశ్న ఎందుకు అడగం? బెలుం గురించి తెలుగులో నాకు వినబడిన, కనబడిన మాటలన్నీ దాదాపు పోలికలే. వాటి మధ్య పోలిక లేని వాక్యం ఒక్కటుంది: గుహ పొడవు 3,229 మీటర్లు. ఈ వ్యాసం ఆ వాక్యం గురించి.

ముందు చోటు సంగతి. తాడిపత్రి నుంచి ముప్పై కిలోమీటర్లు. అనంతపురం జిల్లా దాటి కొలిమిగుండ్ల మండలంలోకి పోవాలి. అది మొన్నమొన్నటి దాకా కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల. జిల్లాల పేర్ల కంటే కాళ్ల కింద రాయి మారడం ముఖ్యం. అనంతపురం చాలావరకు గ్రానైటు జాతి రాయి. తూర్పుగా తాడిపత్రి, యాడికి వైపు వచ్చేసరికి సున్నపురాయి మొదలవుతుంది. శాస్త్రజ్ఞులు నార్జి సున్నపురాయి అంటారు, మావాళ్లు నాపరాయి అంటారు, లారీ ఎక్కి దూరం పోయాక అది 'కడప బండ' అవుతుంది. సముద్రంలో ఇంకా గవ్వలూ నత్తలూ పుట్టని కాలంలో అడుగున పేరుకున్న రాయి. వాన నీరు మట్టిలోంచి దిగేటప్పుడు కార్బన్ డయాక్సైడు కలుపుకొని పల్చటి ఆమ్లంగా మారుతుంది. గ్రానైటు దగ్గర దాని పప్పులు పెద్దగా ఉడకవు. సున్నపురాయి అయితే కరుగుతుంది. పగులు సందవుతుంది, సందు గొంది అవుతుంది, గొంది గది అవుతుంది. చిత్రావతి నీళ్లే దీన్ని తొలిచాయని చెప్తారు. పైన పొలాల మధ్య నడిచేవాడికి మాత్రం కనపడేవి బావుల్లాంటి మూడు గుంతలే. మధ్య గుంతలోంచి లోపలికి దారి.

ఈ గుంతల్ని కాగితం మీద పెట్టిన తొలి మనుషుల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఒకడు, 1884లో. భారత భూగర్భ సర్వే ఉద్యోగి. 1863లో మద్రాసు పక్కన పల్లావరంలో రాతి గొడ్డలిని గుర్తుపట్టి, ఈ దేశంలో పూర్వచరిత్ర అనే చదువును మొదలుపెట్టినవాడు. అయితే ఆ రోజుల్లో ఆయన మనసంతా బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల మీద ఉంది. అక్కడ ఎముకలున్నాయని న్యూబోల్డ్ అనే సైనికాధికారి 1844లోనే రాశాడు. ఫుట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వి, దొరికిన జంతువుల జాబితాలు అచ్చువేశారు. బిల్లసర్గానికి నివేదికలు దక్కాయి. బెలుంకు ప్రస్తావన దక్కింది.

తర్వాత దాదాపు వందేళ్లు. చుట్టుపక్కల ఊళ్లకు అది చెత్త వేసే గుంత. 1982, 83లలో హెర్బర్ట్ డేనియల్ గెబావర్ అనే జర్మన్ గుహాన్వేషకుడు తన బృందంతో వచ్చి లోపల పాకి, కొలిచి, పటం గీశాడు. ఆ కొలతతోనే బెలుం పేరు బయటి ప్రపంచానికి తెలిసింది. ఆ తర్వాత స్థానికులు పట్టుబట్టారు. రిటైర్డ్ డీఎస్పీ ఎం. నారాయణరెడ్డి పేరు వాళ్లలో ముందు చెప్తారు. 1988లో రాష్ట్ర ప్రభుత్వం రక్షిత స్థలంగా ప్రకటించింది. 2002 నుంచి టికెట్టు పెట్టి చూపిస్తున్నారు. చూపించేది ఒకటిన్నర కిలోమీటరు. అంటే మనం చూసేది సగం కూడా కాదు.

ఇప్పుడు ఆ అంకె దగ్గరికి వద్దాం. ఆ రోజుల్లో గుహను కొలవడమంటే ఒక టేపు, ఒక దిక్సూచి, వాలును కొలిచే క్లైనోమీటరు, ఒక నోటుపుస్తకం, పెన్సిలు, నెత్తిన దీపం. మనుషులు ఇద్దరో ముగ్గురో. ఒకరు టేపు కొస పట్టుకొని దీపం కనపడేంత దూరం పోయి ఆగుతారు. వెనకున్నవాళ్లు మూడు అంకెలు చదువుతారు: ఎంత దూరం, ఏ దిక్కు, ఎంత ఎత్తు లేదా పల్లం. పుస్తకం పట్టుకున్నవాళ్లు అవి రాసుకొని, కుడి గోడ ఎంత దూరముంది, ఎడమ గోడ ఎక్కడుంది, కప్పు ఎంత ఎత్తులో ఉంది అని చూసి బొమ్మ గీస్తారు. ముందున్న మనిషి ఆగిన చోటు కొత్త గుర్తు అవుతుంది. అక్కడి నుంచి మళ్లీ మొదలు. నిలబడే చోట నిలబడి, లేని చోట బోర్లా పడుకొని. చుట్టూ తిరిగి బయల్దేరిన గుర్తు దగ్గరికే వస్తే, కాగితం మీద రెండు కొసలూ కలవాలి. కలవకపోతే ఎక్కడో ఒక అంకె తప్పు చదివారన్నమాట. మళ్లీ పోవాలి.

ఇదంతా ఎందుకు విప్పి చెప్తున్నానంటే, గుహకు ఒక విచిత్రమైన ఇబ్బంది ఉంది. కొండను దూరం నుంచి చూడొచ్చు. నదిని గట్టు మీద నిలబడి చూడొచ్చు. గుహకు 'దూరం నుంచి' అనేదే లేదు. దీపం పడినంత మేరే గుహ. అందులో పుట్టి పెరిగినవాడు ఉన్నా దాని మొత్తం ఆకారం కంటితో చూడలేడు. కాబట్టి పటం అంటే గుహకు నకలు కాదు. పటం గీసేదాకా దానికి ఎవరికీ కనపడే రూపం లేదు. సాహిత్యంలో దీనికి దగ్గరగా వచ్చేది నవల అనుకుంటాను. నవలను కూడా ఒక్క చూపులో చూడలేం, పేజీ తర్వాత పేజీ పాకాలి, ఆకారం తర్వాత మనసులో తేలుతుంది.

3,229లో నాకు ఇష్టమైంది చివరి 29. ప్రచారానికి రాసేవాడైతే మూడు కిలోమీటర్లకు పైగా అనేవాడు. ఇరవై తొమ్మిది అనాలంటే ప్రతి ముక్కనూ కూడి ఉండాలి. ఒక్కో ముక్క సగటున పది మీటర్లు అనుకున్నా మూడొందల పైచిలుకు సార్లు ఎవరో ఆగి, టేపు బిగించి, అంకె గట్టిగా అరిచి చెప్పి, రెండోవాళ్లు దాన్ని తిరిగి పలికి రాసుకున్నారన్నమాట. ఆ అరుపులన్నీ కలిపితే ఈ నాలుగంకెల వాక్యం. సౌండు లైటు షోల్లో దీన్ని గొప్పతనానికి గుర్తుగా వాడతారు, ఉపఖండపు మైదాన ప్రాంతాల గుహల్లో అతి పొడవైనది అని. పొడవులో పోటీ పెడితే మేఘాలయ గుహల ముందు బెలుం పిల్లగుహ. అక్కడి క్రెమ్ లియట్ ప్రా ముప్పై కిలోమీటర్లు దాటింది. 1992 నుంచి ఏటేటా పోయి కొలుస్తూనే ఉన్నారు. కాబట్టి ఆ అంకెలోని గొప్పతనం పొడవుది కాదు, ఓపికది.

గుహ పటాల్లో ఇంకో అలవాటుంది. గొంది సన్నబడి మనిషి పట్టక ఆగిపోయిన చోటో, నీళ్లు అడ్డొచ్చిన చోటో, ముందుకు దారి ఉండొచ్చనిపిస్తే గోడల గీతలు అక్కడ వదిలేసి ఒక ప్రశ్నార్థకం పెడతారు. ఇక్కడిదాకా నేను వచ్చాను, తర్వాత వచ్చేవాడు ఇక్కడ మొదలుపెట్టు అని అర్థం. తనకు తెలియనిదేమిటో కచ్చితంగా ఏ చోటన తెలియదో చెప్పగలిగే రచన నాకు ఇంకొకటి తెలియదు. విమర్శకులం మనకైతే ఆ గుర్తు వాడే అలవాటు బొత్తిగా లేదు. గైడు కథలోనూ లేదు. కోటిలింగాల దగ్గర ప్రశ్నార్థకానికి చోటేది?

ఇక్కడిదాకా రాసి పటం పక్షం వహించేశానా అనిపించి ఆగాను. పటానికి కూడా గుడ్డితనం ఉంది. అందులో మనుషులుండరు. గుంతలోకి దిగే తాడు ఎవరు పట్టుకున్నారో, ఫలానా సందులోంచి వర్షాకాలం పొగలాగా ఆవిరి వస్తుందని చెప్పింది ఏ గొర్రెల కాపరో పటంలో గుర్తు ఉండదు. అన్వేషకుడు 'కనుగొన్నాడు' అన్న క్రియ నాకు మొదట్నుంచీ నచ్చదు. చెత్త వేసినవాళ్లకు కూడా ఆ గుంత తెలుసు కదా. ఆ మాటకొస్తే వాళ్లకంటే ముందు మునులు అక్కడ ఉన్నారు. జైన, బౌద్ధ మునులు వాడినవని చెప్పే కుండలు లోపల దొరికాయి. గెబావర్ చేసింది కనుగొనడం కాదు, రాయడం. మన భాషలో దానికి విలువ తక్కువేమీ కాదు.

మరి మన భాష ఏం రాసింది? చూపు తిప్పితే, చాలానే రాసింది, అయితే పుస్తకాల్లో కాదు, ఊళ్ల పేర్లలో. బెలుం అంటే బిలం. బిల్లసర్గం అంటే బిల సొరంగం. తాడిపత్రిలో పెన్న ఒడ్డున ఉన్న గుడి బుగ్గ రామలింగేశ్వరుడిది. బుగ్గ అంటే నేలలోంచి ఉబికే ఊట. ఆ గుళ్లో లింగం కిందనే నీరు ఊరుతుంది. ఎండిన పెన్న ఇసుకలో చేత్తో తోడే గుంత చెలమ. బండ మీద వాన నీరు నిలిచే పల్లం దొన. నీళ్లు పైన లేని నేలకు, నీళ్లు ఎక్కడ దాక్కుంటాయో చెప్పే మాటలు ఇన్ని. కోటిలింగాలు అనే పేరు చూసినవాడి భక్తిని చెప్తుంది. బుగ్గ అనే పేరు నీటి నడతను చెప్తుంది. గుహలో పెట్టాల్సింది ఈ రెండో రకం పేర్లు అని నా వాదన.

ఒక్క పేరు మాత్రం రెండు రకాలుగానూ పని చేస్తుంది. పాతాళగంగ. గుహలో అన్నిటికంటే లోతైన చోటు, నేలకు 46 మీటర్ల కింద. అక్కడ సన్నటి ధార ఏడాది పొడుగునా పారుతుంది. పారి, రాతిలోకి దిగి మాయమవుతుంది. పోయినసారి గైడును అడిగాను, ఈ నీళ్లు ఎక్కడికి పోతాయని.

"ఈడికి రెండు కిలోమీటర్లుంది బెలుం ఊరు. ఆ ఊరి బాయిలోకి పోతాదంటారు సార్."

"ఎవరైనా చూశారా?"

"యాడికి పోతాదో ఎవురు చూస్తారు సార్, లోపలికి పొయ్యేదాన్ని!"

ఆ జవాబుకు నేను నవ్వాను గానీ, తర్వాత ఆలోచిస్తే ఆయన చెప్పింది చక్కటి పరికల్పన. కొలవడానికి లొంగేది. 1877లో దక్షిణ జర్మనీలో అచ్చం ఇదే తగువు నడిచింది. ఇమెండింగెన్ దగ్గర డాన్యూబ్ నది నేలలోకి ఇంకిపోతుంది. ఆ నీరు పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఆఖ్ ఊట దగ్గర బయటికొస్తుందని జనం నమ్మకం. అడాల్ఫ్ నోప్ అనే ప్రొఫెసరు ఇంకే చోట పది కిలోల ఆకుపచ్చ రంగు పోయించాడు, ఉప్పు, నూనె కూడా. అరవై గంటలకు ఆఖ్ నీళ్లు ఆకుపచ్చగా మెరిశాయి. నమ్మకం వాస్తవమైంది. బెలుం బావి గురించిన మాట ఆ రంగు కోసం కాచుకున్న వాక్యం. గైడు కథలన్నిటిలో నేను నమ్మదలచుకున్నది అదొక్కటే, ఎందుకంటే అది తప్పని తేలే అవకాశం ఉంది.

ఇది పండితుల సరదా కూడా కాదు. ఫ్రాన్సులో గుహల శాస్త్రానికి ఆద్యుడనిపించుకున్న ఎదువార్ మార్తెల్ 1891లో ఒక ఊట దగ్గర దాహం తీర్చుకొని జబ్బు పడ్డాడు. ఆ ఊటకు నీరు అందించే గుంతలో దూడ శవం కుళ్లుతోందని తర్వాత తెలిసింది. ఇసుకలోంచి వచ్చే నీరు కొంత వడపోతకు లోనవుతుంది. సున్నపురాతి గొందుల్లో ఆ వడపోత ఉండదు, పైన వేసింది కింద తాగుతాం. ఆయన పోరాటం వల్లనే అలాంటి గుంతల్లో పశువుల కళేబరాలు పారేయకూడదని 1902లో అక్కడ చట్టం వచ్చింది. ఇప్పుడు బెలుం గుంతల్లో ఏళ్ల తరబడి పడ్డ చెత్తనూ, ఆ ఊరి బావినీ పక్కపక్కన పెట్టి చూడండి. పటం లేకపోతే ఆ రెండిటి మధ్య గీత గీయడం ఎలా?

మన కావ్య సంపదలో గుహ లేదా అంటే, ఉంది. నాకు తెలిసి దాన్ని మించిన గుహ ప్రవేశం రాలేదు కూడా. కిష్కింధకాండలో సీతను వెతుకుతూ దాహంతో అల్లాడుతున్న వానరులకు ఒక బిలం కనపడుతుంది. లోపల నీళ్లున్నాయని వాళ్లకు ఎలా తెలుస్తుంది? దానిలోంచి పక్షులు తడి రెక్కలతో బయటికి రావడం చూసి. హనుమంతుడు దాన్ని బట్టి లోపల నీరుంటుందని ఊహిస్తాడు. తర్వాత ఒకరినొకరు పట్టుకొని చీకట్లో నడుస్తారు. లోపల స్వయంప్రభ, బంగారు చెట్లు, అదంతా తర్వాతి సంగతి. నాకు ముఖ్యమైనవి రెండు. ఒకటి ఆ తడి రెక్కలు. అక్కడ కవి పోలిక కాదు, ఆధారం ఇచ్చాడు. రెండోది, బయటికొచ్చేసరికి సుగ్రీవుడిచ్చిన నెల గడువు లోపలే దాటిపోయి ఉంటుంది. గుహలో కాలం తెలియదన్నది లోపలికి పోయినవాళ్లందరూ ఒప్పుకునే మాట.

ఆధునిక సాహిత్యంలోకి వస్తే నాకు కొంత అసంతృప్తి. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' 1950ల్లో నీళ్లు లేని నదిని ఒక మహా పాత్రగా నిలబెట్టింది. ఆ తర్వాత సీమ కథకులు మబ్బు కోసం చూసే కళ్లను ఎంతో బాగా రాశారు. కరువు కథ అంటే తల ఎత్తిన మనిషి కథ. బోర్లు వచ్చాక తల దించాడు. బోరు ఎండిన రైతు, అప్పు, పురుగుమందు డబ్బా. ఈ కథలు రాయకుండా ఎవరూ ఉండలేరు, ఉండకూడదు. కానీ వాటిలో చాలా చోట్ల నేల ఒక మూత పెట్టిన పెట్టెగానే మిగిలింది. నీళ్లు పడ్డాయి, లేదా పడలేదు. విధి. నాలుగొందల అడుగుల కింద ఏ రాయి ఉంది, నీరు ఏ వాలున ఎటు నడుస్తుంది, నీ బోరుకు పక్కవాడి బోరుకు చుట్టరికమేమిటి అన్న కుతూహలం కథలోకి ఎక్కువగా రాలేదు. కుతూహలం వస్తే దుఃఖం పలచనవుతుందని మన కథకుల భయమేమో. నేను ఒప్పుకోను. దుఃఖానికి చిరునామా దొరుకుతుంది.

ఈలోగా రాయి ఆగదు. కొలిమిగుండ్ల, తాడిపత్రి దారుల్లో నాపరాళ్ల గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, రాళ్లు నింపుకున్న ట్రాక్టర్లు, సిమెంటు కోసం సున్నపురాయి తవ్వే పెద్ద గుంతలు. వేల కుటుంబాలు దాని మీద బతుకుతున్నాయి, నీళ్లు లేని చోట రాయే పంట. నేను హైదరాబాదులో అద్దెకుండే ఫ్లాటులో వంటగట్టు మీద పరిచింది ఆ బండే. దాని మీదే కాఫీ కలుపుకొని వచ్చి ఈ వ్యాసం రాస్తున్నాను, కాబట్టి గనులను తిట్టే హక్కు నాకు తక్కువ. అడిగేదొక్కటే. గుహను గొళ్లెం పెట్టి కాపాడొచ్చు, కానీ పటంలో ప్రశ్నార్థకం పెట్టి వదిలిన గొంది ఏ పొలం కిందికి పోతుందో తెలియకపోతే కాపాడేది దేన్ని? ఆ పని ఒక జర్మన్ వచ్చి చేసి నలభై ఏళ్లు దాటింది. అనంతపురం, కడప, కర్నూలు కాలేజీల్లో భూగర్భ శాస్త్రం చదివే పిల్లలకు టేపు, దిక్సూచి ఇచ్చి అలాంటి చోట్లకు పంపితే ఎన్ని బిలాలు కాగితం మీదికి వచ్చేవో.

తెలుగులో అసలు ఇలాంటి రచన లేదని రాయబోయి ఆగిపోయాను. మా ఇంట్లోనే ఒకటుంది. మా ఊరు తాడిపత్రికి పడమర, గుత్తి వైపు, అంతా గట్టి రాయి. తాతను మా వైపు అబ్బ అంటాం. అబ్బ పోయాక ఇనప్పెట్టెలో చిట్టాపుస్తకం దొరికింది. అప్పుల లెక్కలు అనుకున్నాం. సగం అవే. మిగతా సగం వేయించిన బోర్ల వివరాలు. బోరు లారీ పక్కన మంచమేసుకొని కూర్చొని రాసినట్టుంది, దుమ్ము మరకలున్నాయి. ఒక్కో బోరుకు ఒక పేజీ. పైన తారీకు, ఏ చెట్టుకు ఎన్ని అడుగుల దూరంలో వేశారో. కింద వరుసగా: 60 అడుగులు, ఎర్ర మన్ను. 110, రాయి. 180, తెల్ల దుమ్ము. 210, దుమ్ములో తేమ. 260, మళ్లీ పొడి. మూడు బోర్లు అలాగే ఉన్నాయి. నాలుగో దానికి మాత్రం చివర "ఒకటిన్నర ఇంచు" అని రాసి గీత కొట్టాడు.

మా నాయనకు చూపిస్తే, "టెంకాయ పట్టి చూపించినోడు తిక్కలోడు, ఆయన మాటిని ఇన్ని బొక్కలు పెట్టించినాడు మీ అబ్బ" అన్నాడు. అది కూడా నిజమే. అయిదో పేజీలో తారీకు ఉంది, చింతచెట్టుకు నలభై అడుగుల దూరం అని ఉంది, 320 దాకా అంకెలున్నాయి. దాని పక్కన ఏమీ రాయలేదు. పెన్సిలు మొన నొక్కిన చుక్క మాత్రం ఉంది.